మేనత్త పోలిక

మా యంత్రం మీద పుస్తకం లేదు.
దాన్ని కట్టినవాళ్ళు కొందరు మాస్కో వెళ్ళిపోయారు,
కొందరు బజార్లో కిరోసిన్ అమ్ముతున్నారు.
వ్రామ్ అనే ఆయన పోయాడు,
ఆయన నోటుబుక్కు ఎవరికీ దొరకలేదు.

ఉన్నవి చుట్టాల పుస్తకాలు మూడు.
ఒకటి ఇంకేదో పెద్ద యంత్రానిది, రష్యన్‌లో, అట్ట లేదు.
ఒకటి ఎక్కడో విద్యార్థుల కోసం కట్టిన బుల్లి వ్యవస్థది,
జిరాక్సు, ప్రతి పేజీ మూలా ఎవరిదో బొటనవేలి నీడ.
మూడోది మా యంత్రానికి మేనత్త వరసయ్యే దాని మాన్యువల్.

నేను పుట్టకముందే పోయిన నాయనమ్మని
మేనత్త ముక్కులో, నవ్వులో ఏరుకున్నట్టు
మా కెర్నల్‌ని వీటిలో ఏరుకోవాలి.
ముక్కు సరే.
చెవులెవరివి?

ఆ చలికాలం యెరెవాన్‌లో రోజుకి గంట కరెంటు.
ఎప్పుడొస్తుందో చెప్పరు.
ఇంటరప్ట్‌ల అధ్యాయం ఒక్క చదువులో అర్థమైంది:
చేస్తున్న పని చేస్తున్నచోటే వదిలెయ్,
ఎక్కడ వదిలావో రాసుకో, పరుగెత్తు.
సగం తోమిన గిన్నె సాక్షి.

షెడ్యూలింగ్ మాత్రం రొట్టె లైన్లో నేర్చుకున్నాను.
మనిషికి రెండొందల యాభై గ్రాములు.
హయ్‌కనూష్ మా అరచేతుల మీద నంబర్లు వేసేది.
పసిపిల్లల తల్లులు ముందుకి,
యుద్ధం నుంచి కుంటుకుంటూ వచ్చినవాళ్ళు ముందుకి.
గడియారాలు బాగుచేసే మ్నాత్సకాన్
మూడు రోజులు ఉత్త చేతుల్తో ఇంటికెళ్ళాడు.
పుస్తకంలో దీనికో పేరుంది: ఆకలిచావు.
పారిభాషిక పదం కదా అని కింద గీత గీశాను.
నాలుగోరోజు ఆ గీత చెరిపేశాను.

హయ్‌కనూష్ ఏ పుస్తకమూ చదవలేదు.
ఖాళీగా వెళ్ళినవాళ్ళ నంబరులోంచి రోజుకో పది కొట్టేసేది, అంతే.
రాత్రి కొవ్వొత్తి దగ్గర నా కోడ్‌లో ఆ లైను చేర్చాను.
పదికి బదులు ఒకటి.
నాకు ఆవిడంత ధైర్యం లేదు.

ఇక పొయ్యి.
రేకుది, గొట్టం కిటికీలోంచి బయటికి.
పార్కులో చెట్లు అయిపోయాయి, బెంచీలూ అయిపోయాయి.
జనవరిలో పుస్తకాల వంతు.
చాలాకాలంగా ముట్టని పేజీ ముందు పోవాలని నియమం.
నాది కాదు, పెద్ద పుస్తకంలోదే.
ఆ నియమం చెప్పిన పేజీ ఏ రోజు కాలిందో గుర్తులేదు.
మొదట ముందుమాట.
తర్వాత కృతజ్ఞతలు, ఎవరో భార్యకీ, ఎవరో కుక్కకీ.
టేపుల అధ్యాయం మీద
ఒక కుండెడు బంగాళాదుంపలు ఉడికాయి.

యంత్రమైతే తీసేసిన పేజీని డిస్కులో దాచుకుంటుంది,
కావాలంటే మళ్ళీ తెచ్చుకుంటుంది.
నాకు డిస్కంటే నా తలే, అదీ చలికి మొద్దుబారి.
రెండొందల పన్నెండో పేజీ
కాల్చిన మర్నాడే అవసరమొచ్చింది.
బూడిద కెలికాను.
నిజంగానే కెలికాను.

ఫిబ్రవరిలో ఒక రాత్రి మూడింటికి బల్బు వెలిగింది.
కోటు మీద కోటు, సంస్థ దాకా మంచులో నడక.
వాచ్‌మన్ సెత్రాక్ తలుపు తీసి తన టీలో సగం పోశాడు.
టైపు చేశాను. యంత్రం లేచింది.
తెర మీద ఒక పలకరింపు రావాలి,
వచ్చింది,
పక్కపక్క అక్షరాలు ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చుని.

మేనత్త మాన్యువల్ అంకెని తల నుంచి పేర్చమంటుంది.
మాది తోక నుంచి పేర్చుకునే రకం.
ఇన్నాళ్ళూ ఆవిడ చెవులే
నాయనమ్మకి గీస్తూ వచ్చానన్నమాట.
నవ్వొచ్చింది.
సెత్రాక్ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.
సరిచేసేలోపు కరెంటు పోయింది.

చీకట్లో తడుముకుంటూ
మాన్యువల్ అంచున పెన్సిల్‌తో రాశాను:
ఇక్కడ మాది వేరు.

పొద్దున చూస్తే
అక్షరాలు ఒకదాని భుజమెక్కి ఒకటి ఉన్నాయి,
చదవడం నా ఒక్కదానికే సాధ్యం.
ఆ పేజీని దిండు కింద దాచి లైనుకెళ్ళాను.
నంబరు అరవై ఒకటి.
ముందు మ్నాత్సకాన్, చెవి దగ్గర ఒక గడియారం పెట్టుకుని వింటున్నాడు.